పార్కు గులాబీలు కొమ్మ చివర్నుంచి ఎండిపోతుంటే

యాంకర్: లైన్లో గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక శ్రోత ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. పార్కులో వాకింగ్‌కి వచ్చేవాళ్లం తలా కొంత వేసుకుని కడియం నర్సరీల నుంచి గులాబీ అంట్లు తెప్పించి నాటాం. మొదట్లో బ్రహ్మాండంగా పూశాయి. ఇప్పుడేమో కొమ్మలు చివర్నుంచి నల్లబడి కిందికి ఎండుకొస్తున్నాయి. డీఏపీ ఎరువు వేసినా లాభం లేదు.

నిపుణురాలు: ముందు ఆ డీఏపీ ఆపండి. ఇది బలం చాలక వచ్చింది కాదు. పూలు ఎవరు కోస్తున్నారు?

శ్రోత: అదడక్కండి మేడమ్. తెల్లారకముందే పూజకని సంచులు పట్టుకొచ్చేస్తారు.

నిపుణురాలు: చేత్తో లాగి తెంపుతారు, అవునా? అక్కడ బెరడు చీలిపోతుంది. ఆ గాయంలోంచే కొమ్మ ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రం లోపలికి దిగుతుంది. నల్లబడిన చోటికి రెండంగుళాలు కిందగా, పచ్చి కొమ్మలో కోయండి. కోసిన చోట మధ్యలో బెండు చూడండి. గోధుమ రంగులో ఉంటే తెగులు ఇంకా కింద ఉన్నట్టే, తెల్లగా కనబడేదాకా కిందికి జరుగుతూ కోయాలి. బయటివైపు తిరిగిన, చిగురు వచ్చే కన్నుకి పావంగుళం పైన, ఏటవాలుగా. కోతకి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూయండి. మొక్క మారినప్పుడల్లా కత్తెర స్పిరిట్‌తో తుడవాలి. ఎండు పుల్లలు అక్కడే పడేయకండి.

శ్రోత: ఒక మొక్కకి మొదట్లోంచి ఏపుగా కొమ్మ వచ్చిందండీ, పూయట్లేదు.

నిపుణురాలు: అంటు కట్టు కింద నుంచే కదా? అది మీ గులాబీ కాదు, దాన్ని అంటు కట్టిన అడుగు మొక్కది. పైన కోస్తే మళ్లీ వస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటే పీకేయండి. మీది నల్లరేగడేనా?

శ్రోత: అవునండీ, వాన పడితే రెండ్రోజులు నీళ్లు నిలుస్తాయి.

నిపుణురాలు: అయితే ఆ పల్లంలో గులాబీ దండగ. కొత్తవి వానలు తగ్గాక, అక్టోబరు, నవంబరు నెలల్లో ఎత్తు మడుల మీద పెట్టండి, మొక్కకీ మొక్కకీ రెండున్నర అడుగులు. పశువుల ఎరువు, వేప పిండి, కాస్త ఇసుక కలపండి. నీళ్లు పొద్దున, మొక్క మొదట్లో పోయండి. సాయంత్రం ఆకులు తడిపితే నల్లమచ్చ తెగులు తప్పదు.

యాంకర్: మరి సంచులవాళ్ల సంగతి?

నిపుణురాలు: బోర్డు పెడితే ఎవరూ చదవరు. మీలోనే ఒకరు పొద్దున్నే కత్తెరతో, ఐదు రెక్కల ఆకు పైన కోసి వాళ్లకే ఇచ్చేయండి. కొత్త చిగురు కూడా బాగా వస్తుంది.

శ్రోత: ఆ సంచులవాళ్లలో మా ఇంటావిడ కూడా ఉందండీ.

నిపుణురాలు: (నవ్వుతూ) అయితే కత్తెర ఆవిడకే ఇవ్వండి. పదును పెట్టించి మరీ, మొద్దుదైతే కొమ్మని నలిపేస్తుంది.