గొలుసు ఎవరు విప్పారు?

శ్రోతలకు నమస్కారం.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లలో ఎవరికైనా మతి చలిస్తే ముందు వినపడే మాట 'గాలి సోకింది' అని. భూతవైద్యం చేసే గుణియా దగ్గరికి తీసుకెళ్తారు, తాయెత్తు కడతారు. అయినా మనిషి ఇల్లు వదిలి పోతున్నాడంటే పశువుల కొట్టంలో గుంజకి కాలు కట్టేస్తారు. కట్టేది పగవాళ్లు కాదు, కన్నతల్లే. రైలు పట్టాల మీదికి పోతాడేమోనని ఆమె భయం.

ఇది మన ఊళ్లలోనే పుట్టిన ఆచారమేమీ కాదు. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలోనూ రోగుల్ని గొలుసులతోనే కట్టేవారు. వాటిని తీయించిన పేరు డాక్టర్ పినెల్‌కి దక్కింది గానీ, 1797లో అక్కడ ఆ పని చేసింది పుస్సాన్. ఆయన డాక్టరు కాదు, తోళ్లు పదును చేసే పనివాడు. గండమాలతో రోగిగా వచ్చి, నయమయ్యాక అక్కడే కొలువులో కుదిరి, మతి చలించినవాళ్ల వార్డుకి పెద్ద అయ్యాడు. రోగి మీద నౌకర్లెవరూ చెయ్యి చేసుకోకూడదన్నాడు. కోలుకున్న రోగుల్నే నౌకర్లుగా పెట్టుకున్నాడు. పినెల్ అక్కడ ఉన్నప్పుడు పుస్సాన్ పద్ధతులు దగ్గరుండి చూసి, రాసుకుని, తన పుస్తకంలో ఆయన్ని మెచ్చుకున్నాడు కూడా. తర్వాత బొమ్మలు గీసినవాళ్లు మాత్రం డాక్టరునే నడిమధ్య నిలబెట్టారు! నిజం చెప్పాలంటే, గొలుసులు పోయినా అదుపు తప్పినవాళ్లకి చేతులు కట్టేసే చొక్కా వచ్చింది.

మందులు ఇంకా చాలా ఆలస్యంగా వచ్చాయి. 1949లో ఆస్ట్రేలియాలో డాక్టర్ జాన్ కేడ్ వాడిన లిథియం, 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ అనే మందు.

నన్నడిగితే మనకి బాగా దగ్గరివాడు అమృత్‌సర్ డాక్టర్ విద్యాసాగర్. 1950ల్లో ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగితో పాటు ఇంటివాళ్లనీ ఉంచాడు. పక్క గుడారంలో మనిషి కోలుకోవడం కళ్లారా చూశాక వాళ్లకి సగం టెన్షన్ పోయేది. వెల్లూరు, బెంగళూరు ఆసుపత్రులూ తర్వాత ఆ దారి పట్టాయి.

మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. కానీ చట్టం చూపించి ఆ తల్లిని బెదిరిస్తే ఏం లాభం? బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రి నిద్రపోతున్నాడా, ఏం తింటున్నాడు, మాత్రలు ఎప్పుడు మానేశాడు... డాక్టరు అడిగితే చెప్పగలిగేది ఆమే, కాబట్టి ఆమే వెంట వెళ్లాలి. ఇవాళే అంతదూరం వెళ్లలేకపోతే, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.