సన్హెరీబు లెక్క, హిజ్కియా లెక్క

అందరికీ వందనాలు. పోయిన నెల యూత్ మీటింగులో ఒక తమ్ముడు లేచి, "అన్నా, బైబిల్లో ఉన్నవి నిజంగా జరిగినట్టు చరిత్రలో ఎక్కడైనా ఉందా?" అని అడిగాడు. వెనక నుంచి ఎవరో "అలా అడక్కూడదురా" అన్నారు. ఎందుకు అడక్కూడదు? కాకపోతే బైబిల్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టి అడిగితే జవాబు రాదు. అందుకే ఇవాళ ఒక్క సంఘటనే తీసుకుంటాను. రెండవ రాజుల గ్రంథం 18, 19 అధ్యాయాలు. దీని మీద కొట్టిన వాళ్ళూ రాసుకున్నారు, దెబ్బ తిన్న వాళ్ళూ రాసుకున్నారు. పాత నిబంధనలో అలాంటి అదృష్టం మనకు చాలా అరుదు.

క్రీ.పూ. 701. అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తి వచ్చి కోటలున్న ఊళ్ళన్నీ పట్టుకున్నాడు. వాడు యూదాలోని లాకీషు కోట దగ్గర ఉండగా యూదా రాజు హిజ్కియా కబురు పంపాడు: తప్పయింది, ఎంత వేస్తే అంత కట్టుకుంటాను, వెళ్ళిపో అని. 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం కట్టమన్నారు (తలాంతు అంటే ఆ కాలపు తూకం). మన తెలుగు బైబిల్లో ఈ లెక్క మణుగుల్లో ఉంటుంది, అంకె వేరుగా కనిపిస్తుంది, కంగారు పడకండి. ఆలయం తలుపులకున్న బంగారం కూడా ఊడదీసి ఇచ్చాడు పాపం.

ఇప్పుడు సన్హెరీబు మాట విందాం. 1830లో అష్షూరు రాజధాని నీనెవె శిథిలాల్లో ఒక మట్టి దిమ్మె దొరికింది. ఆరు పలకలు, ఎత్తు మూరెడు కూడా ఉండదు. నిండా మేకుల్లాంటి అక్షరాలు, చీమలు బారులు తీరినట్టు. ప్రస్తుతం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో ఆయన చెప్పుకున్నది ఇదీ: యూదా వాడైన హిజ్కియా నాకు లొంగలేదు, వాడి కోట పట్టణాలు 46 పట్టుకున్నాను, 2,00,150 మందిని బయటికి తోలాను, వాణ్ణి వాడి రాజధాని యెరూషలేములో పంజరంలో పిట్టలా పెట్టాను. కప్పం లెక్క కూడా ఉంది. బంగారం 30 తలాంతులు, వెండి 800.

బంగారం దగ్గర రెండు పక్షాల అంకె ఒక్కటే. వెండి దగ్గర 500 తేడా. రాజు గొప్పకు పెంచి రాయించుకున్నాడా, ఇవతల తగ్గించి రాసుకున్నారా? చాలా వివరణలున్నాయి, నాకు ఏదీ గట్టిగా అనిపించలేదు. అయినా పెళ్ళి కట్నం గురించి రెండు ఇళ్ళలో అడిగితే ఒకే అంకె వస్తుందా చెప్పండి!

అసలు విషయం ఆ దిమ్మె మీద లేని మాటలో ఉంది. 46 ఊళ్ళు పట్టుకున్నానని లెక్కపెట్టి చెప్పిన మనిషి, యెరూషలేము పట్టుకున్నానని మాత్రం అనలేదు. పిట్టను పంజరంలో పెట్టానన్నాడు, పట్టుకెళ్ళానని అనలేదు. నీనెవె కోటలో గోడల నిండా చెక్కించుకున్న విజయం కూడా లాకీషుదే. ఆ రాతి పలకలూ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. గోడకు ఆనించిన మట్టి దిబ్బ మీదుగా కోటను పొడిచే యంత్రాలు ఎక్కుతుంటాయి, ఒకపక్క ఖైదీలను కొయ్యలకు గుచ్చుతుంటారు, ఇంకోపక్క ఎద్దుబండి మీద మూటలు, మూటల మీద ఆడవాళ్ళు, పిల్లలు. లాకీషులో తవ్వితే ఆ మట్టి దిబ్బ ఇప్పటికీ ఉంది, బాణం ములుకులూ దొరికాయి.

మరి ఒక రాత్రి దేవుని దూత వచ్చి అష్షూరు దండులో 1,85,000 మందిని హతం చేశాడని 19వ అధ్యాయం చెప్పే మాట? అష్షూరు రాతల్లో దాని ఊసే లేదు. ఏ రాజూ తన ఓటమిని చెక్కించుకోడు, నిజమే. కానీ ఆ మౌనాన్ని చూపించి "చూశారా, రుజువైంది" అనడం కూడా సరికాదు. సన్హెరీబు యెరూషలేము తీసుకోకుండానే వెనక్కి వెళ్ళాడన్నంత వరకే శాసనం మనకు తోడొస్తుంది. ఎందుకు వెళ్ళాడన్నది విశ్వాసంతో చెప్పుకోవాల్సిన మాట. నేను నమ్ముతాను. మట్టి దిమ్మె చెప్పిందని మాత్రం నమ్మను.

ఇంకొకటి. 19వ అధ్యాయం చివర చదివితే, సన్హెరీబు ఇంటికెళ్ళీ వెళ్ళగానే కొడుకుల చేతిలో చచ్చాడనిపిస్తుంది. కొడుకు చంపిన మాట నిజమే, బబులోను వాళ్ళ వృత్తాంతంలో కూడా ఉంది. అయితే అది జరిగింది క్రీ.పూ. 681లో, యుద్ధమైన 20 ఏళ్ళకు. బైబిల్ రచయిత రెండు వాక్యాల్లో 20 ఏళ్ళు దాటేశాడు. ఆయన తప్పు రాయలేదు, మనమే తొందరగా చదివాం.

నోవహు ఓడ దొరికిందని వారానికో వీడియో ఫార్వర్డ్ చేసే అన్నలకు ఒక మనవి. ఇంత గట్టి ఆధారం చేతిలో ఉండగా ఆ వీడియోలెందుకండీ?

అన్నీ ఇలా కలిసొస్తాయని కూడా అనుకోకండి. లూకా 2వ అధ్యాయంలో, యేసు పుట్టినప్పుడు జరిగిందని చెప్పే జనాభా లెక్క ఉంది కదా, సిరియా అధిపతి కురేనియు కాలంలోది. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసినదాన్ని బట్టి అది క్రీ.శ. 6లో. మత్తయి ప్రకారం యేసు పుట్టింది హేరోదు రాజు బతికుండగా. హేరోదు క్రీ.పూ. 4లోనే పోయాడని ఎక్కువ మంది చరిత్రకారుల మాట. మధ్యలో పదేళ్ళ దాకా తేడా. దీనికి కొందరు చెప్పే సర్దుబాట్లున్నాయి, కొన్ని బాగానే ఉంటాయి, కొన్ని విన్నప్పుడు నాకే నవ్వొస్తుంది. వచ్చే నెల దాని మీదే కూర్చుందాం. మత్తయి 2, లూకా 2 పక్కపక్కన పెట్టుకుని చదివి రండి.