లాగడంలో సోదిలోనే లేని సూర్యుడు, పొటెన్షియల్‌లో 14 రెట్లు!

నమస్కారం. కిలో బరువున్న ఇనుప గుండు ఒకటి భూమ్మీద ఉందనుకోండి. దాన్ని భూమీ లాగుతోంది, సూర్యుడూ లాగుతున్నాడు. ఎవరి బలం ఎక్కువ? భూమిదే. అదీ అలా ఇలా కాదు, సుమారు 1650 రెట్లు ఎక్కువ. సూర్యుడు అసలు సోదిలోనే లేడు.

సరే, ప్రశ్న మార్చుదాం. ఆ గుండును భూమి పట్టు నుంచి పూర్తిగా విడిపించడానికి ఎంత శక్తి కావాలి? సుమారు 62.5 మెగాజౌళ్లు. మరి భూమి ఉన్నంత దూరంలో కదలకుండా ఉంచి, సూర్యుడి పట్టు నుంచి విడిపించాలంటే? 887 మెగాజౌళ్లు. 14 రెట్లు! అంత తక్కువగా లాగేవాడు వదలడానికి మాత్రం ఇంత ఏడిపిస్తున్నాడేంటి?

ముందు తెలిసినదాంతో మొదలుపెడదాం. ఎత్తులో ఉన్న వస్తువుకు స్థితిశక్తి ఉంటుందని, అది ఎంజీహెచ్ (ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం) అని చదువుకున్నాం. కిలో గుండును 10 మీటర్లు ఎత్తితే 98 జౌళ్లు. 5 కిలోల గుండైతే 490. 20 కిలోలదైతే 1960. ఇప్పుడు ఒక్కోదాన్నీ దాని ద్రవ్యరాశితో భాగించండి. 98, 98, 98. అంటే ఆ 98 గుండుది కాదు, ఆ చోటుది. అక్కడ ఏ గుండూ లేకపోయినా ఆ అంకె అలాగే ఉంటుంది. కిలోకు ఇన్ని జౌళ్లు అని చెప్పే ఈ రాశే గురుత్వ పొటెన్షియల్. మనం చూసిన 98 నేలకూ ఆ ఎత్తుకూ మధ్య పొటెన్షియల్ తేడా. ఒక చోటి పొటెన్షియల్‌ను అక్కడ పెట్టిన వస్తువు ద్రవ్యరాశితో గుణిస్తే స్థితిశక్తి వస్తుంది. రెండింటి మధ్య సంబంధం ఇంతే. కచ్చితంగా మాట్లాడితే స్థితిశక్తి గుండు ఒక్కదానిదే కాదు, గుండూ భూమీ రెండింటిదీ. అయినా గుండు లాగుడుకు భూమి దాదాపు కదలదు కాబట్టి గుండు ఖాతాలో రాసేస్తాం.

ఎంజీహెచ్‌తో ఒక చిక్కుంది. పైకి వెళ్లేకొద్దీ జీ, అంటే గురుత్వ త్వరణం, తగ్గుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో అది 8.7 మాత్రమే. అందుకే దూరాలు పెరిగితే అసలు సూత్రం వాడాలి: పొటెన్షియల్ అంటే మైనస్ జీఎం బై ఆర్. ఇక్కడి జీ వేరు, ఇది ఎక్కడైనా మారని గురుత్వ స్థిరాంకం, ఎం భూమి ద్రవ్యరాశి, ఆర్ భూకేంద్రం నుంచి దూరం. ఈ మైనస్ చూసి చాలామంది టెన్షన్ పడతారు. సున్నా ఎక్కడ పెట్టుకోవాలన్నది మనిష్టం, తేడాలే ముఖ్యం. అనంత దూరంలో సున్నా పెట్టుకుంటే, దగ్గరికి వచ్చేకొద్దీ విలువ సున్నా కంటే కిందికి దిగుతుంది. బావిలో లోతు కొలిచినట్టు. మనం మైనస్ 62.5 మెగాజౌళ్ల లోతులో నిలబడి ఉన్నాం.

అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తు ఈ బావిలో ఎంత పైన ఉంటుందంటారు? అక్కడ పొటెన్షియల్ మైనస్ 58.9. అంటే మనం ఎక్కింది కిలోకు 3.7 మెగాజౌళ్లే, మొత్తం లోతులో 6 శాతం! కానీ ఆ ఎత్తులో కక్ష్యలో నిలవాలంటే సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగం కావాలి, దానికి కిలోకు 29 మెగాజౌళ్లు. రాకెట్ లేచిన కాసేపటికే పక్కకు ఒరిగిపోవడం చూసే ఉంటారు. ఎత్తు కంటే వేగానికే ఖర్చు ఎక్కువ మరి.

ఇక సూర్యుడి సంగతి. సూర్యుడి ద్రవ్యరాశి భూమి కంటే 3,33,000 రెట్లు. మన నుంచి అతని దూరం భూమి వ్యాసార్ధానికి సుమారు 23,500 రెట్లు. పొటెన్షియల్ కావాలంటే దూరంతో ఒక్కసారే భాగించాలి. 3,33,000ను 23,500తో భాగిస్తే 14. బలం కావాలంటే దూరం వర్గంతో, అంటే ఇంకోసారి కూడా భాగించాలి. 14ను మళ్లీ 23,500తో భాగిస్తే సుమారు 1650లో ఒక వంతు. అదీ కిటుకు. బలం చెప్పేది మనమున్న చోట ఏటవాలు ఎంత అని, పొటెన్షియల్ చెప్పేది మొత్తం లోతు ఎంత అని. సూర్యుడి బావి మనమున్న చోట దాదాపు చదునుగానే ఉంటుంది, కానీ పైకి ఎక్కడం కోట్ల కిలోమీటర్లు సాగుతుంది. అదృష్టవశాత్తూ భూమి ఇప్పటికే సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కాబట్టి, ఆ 887లో సగం మనకు ముందే చేతిలో ఉన్నట్టే.

భూకేంద్రం దగ్గర ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ అన్ని వైపులా లాగుడు సమానం, కాబట్టి భూమి గురుత్వ బలం సున్నా. పొటెన్షియల్ కూడా సున్నా అని రాసేసేవాళ్లు బోలెడుమంది. కానే కాదు. భూమి అంతటా సాంద్రత ఒకటే అనుకుని లెక్కేసినా అక్కడ మైనస్ 94 మెగాజౌళ్లు వస్తుంది. నిజానికి మధ్యలో ఇనుము ఉండి సాంద్రత ఎక్కువ కాబట్టి ఇంకా లోతు.

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం గడియారం పట్టించుకునేది కూడా ఈ లోతునే, బలాన్ని కాదు. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు పైన ఉన్నందుకు రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వేగం వల్ల 7 వెనక్కి వస్తాయి. మిగిలిన 38 సరిచేయకపోతే మ్యాప్ పనికిరాదు. ఇదే లెక్క భూకేంద్రానికి వేస్తే, భూమి పుట్టిన ఈ 450 కోట్ల ఏళ్లలో, బలం సున్నాగా ఉన్న ఆ చోటు మన కాళ్ల కింది నేల కంటే సుమారు రెండున్నరేళ్లు చిన్నది.