పాట ఆగిన తరువాతి వలయం

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో అటక మీద పాత గ్రామఫోను రికార్డులుంటే, ఏడు అంగుళాల చిన్న రికార్డు ఒకటి తీసి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. పాట గాడులు ముగిశాక, లేబులు మొదలయ్యే లోపల, నున్నని వలయం ఒకటి కనిపిస్తుంది. ముల్లు అక్కడికి చేరేసరికి పాట అయిపోతుంది. నేను చూడవలసినది మాత్రం అక్కడే మొదలవుతుంది.

నేను సేకరించేవి బ్రిటన్ సింగిల్స్. నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డులు, అటొక పాట, ఇటొక పాట. అందులోనూ 1960లలోని మాడ్ బృందాలవి, 1970ల చివర పంక్ రాక్ వెన్నంటి కొత్త తరహాగా వచ్చిన న్యూ వేవ్ బృందాలవి. మాడ్ అనేది మోడర్నిస్టు అన్న మాటకు కుదింపు. జీతం అందగానే కొలతలిచ్చి సూటు కుట్టించుకుని, అమెరికా నల్లజాతి గాయకుల సోల్ పాటలకు తెల్లవార్లూ నృత్యం చేసి, ఇటలీ స్కూటర్ల మీద తిరిగిన యువకులు వాళ్లు. ఆ స్కూటర్లలో లాంబ్రెటా మనకూ పరిచయమే. మన వీధుల్లో అది కుటుంబం మొత్తాన్ని మోసింది. అక్కడ ముందు వైపు వరసగా అద్దాలు తగిలించుకుని షికారు తిరిగింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు గురించి చెబుతాను. 1966 మార్చిలో లండన్ మాడ్ బృందం ద హూ ‘సబ్‌స్టిట్యూట్’ విడుదల చేసింది. అంతకు ముందు వాళ్ల నిర్మాత షెల్ టాల్మీ. 1965లో బ్రిటన్ పాటల పట్టికలో రెండో స్థానానికి చేరిన ‘మై జనరేషన్’ ఆయన చేతి మీదుగా వచ్చిందే. బృందం ఆయనతో తెగతెంపులు చేసుకుని, బ్రన్స్‌విక్ లేబుల్, అంటే రికార్డు కంపెనీ, వదిలి రియాక్షన్ అనే కొత్త లేబుల్‌కు మారింది. కొత్త రికార్డుకు రెండో వైపున ‘సర్కిల్స్’ పాట పెట్టింది. ఆ పాటనే అంతకు ముందు టాల్మీ దగ్గరా రికార్డు చేసి ఉన్నారు. ఆయన కోర్టుకెక్కి అమ్మకం ఆపించాడు.

బృందం వెనక్కి తగ్గలేదు. మొదటి వైపు అలాగే ఉంచి, రెండో వైపున తాము వాయించని సంగీతం పెట్టించింది. దాని పేరు ‘వాల్ట్జ్ ఫర్ ఎ పిగ్’, అంటే పంది కోసం ఒక నృత్యగీతం. లేబుల్ మీద ‘ద హూ ఆర్కెస్ట్రా’ అని ఉంటుంది కానీ వాయించింది గ్రాహమ్ బాండ్ బృందం. ఈ రెంటికీ మధ్య కొన్ని ప్రతుల మీద ‘సర్కిల్స్’ పాటకే ‘ఇన్‌స్టంట్ పార్టీ’ అన్న పేరు పడింది. పాట ఒకటే, కంపెనీ నంబరు 591001 ఒకటే, వెనుక వైపులు మూడు రకాలు. ఇవాళ ఫోనులో ఆ పాట వింటే ఈ తగాదా వినిపించదు. లేబుల్ చదివితేనే తెలుస్తుంది. రికార్డును చేతితో పట్టుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక ఆ నున్నని వలయం సంగతి. పాటను మొదట ఒక మెత్తని పూత ఉన్న పళ్లెం మీద చెక్కుతారు. దాని నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో వినైల్‌ను వేడి మీద నొక్కి ప్రతులు తయారుచేస్తారు. కాబట్టి చెక్కే మనిషి ఆ పళ్లెం మీద పాట ముగిసిన చోట ఏది గీస్తే అది ప్రతి కాపీలోనూ దిగుతుంది. మామూలుగా అక్కడ ఉండేవి అంకెలు. లివర్‌పూల్ నుంచి వచ్చిన జార్జ్ పెక్‌హామ్ అక్కడ ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అని గీసేవాడు. పోర్కీ ఆయన ముద్దుపేరు. చేతిరాత ఒక్కటే, అది వెళ్లిన ఇళ్లు మాత్రం వేలకు వేలు. పని తనదని చెప్పుకునే హక్కును అంత చిన్న చోట దక్కించుకున్న కార్మికుడంటే నాకు గౌరవం.

న్యూ వేవ్ కాలంలో ఈ గీతలు మరీ పెరిగాయి. 1976లో లండన్‌లో నాలుగు వందల పౌండ్ల అప్పుతో మొదలైన స్టిఫ్ కంపెనీ తొలి రికార్డు నిక్ లోవ్‌ది, నంబరు ‘బై 1’. గీతల్లోని చిలిపితనం నంబరులోకీ వచ్చింది: కొనమని చెప్పే మాటనే నంబరు చేసేశారు. సరీ కౌంటీలోని వోకింగ్ పట్టణం నుంచి వచ్చిన ద జామ్ బృందం మాడ్ సూట్లను మళ్లీ తొడిగింది. 1980 మార్చిలో వాళ్ల ‘గోయింగ్ అండర్‌గ్రౌండ్’ వచ్చీ రావడంతోనే పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. 1973 తరువాత అలా జరగడం అదే మొదటిసారి.

కొత్తగా సేకరించాలనుకునేవారికి రెండు మాటలు. వలయంలోని అంకెలు లేబుల్ మీది నంబరుతో కలుస్తున్నాయో లేదో చూడండి. తరువాతి కాలంలో మళ్లీ అచ్చు వేసినవి చాలావరకు అక్కడే బయటపడతాయి. మధ్య బిళ్ల ఊడిందో లేదో కూడా చూడండి. నాణెం వేస్తే పాట వినిపించే యంత్రం, జ్యూక్‌బాక్స్‌లో వేయడానికి దాన్ని ఊడగొట్టేవారు. బిళ్ల ఉన్నదానికే ధర ఎక్కువ.

నా దగ్గరున్న ‘సబ్‌స్టిట్యూట్’ లేబుల్ మీద నీలి సిరాతో ఎవరో అమ్మాయి పేరు రాసి ఉంది. విందులకు తీసుకెళ్లిన రికార్డులు కలిసిపోకుండా అప్పట్లో అలా పేర్లు రాసుకునేవారు. లెక్క ప్రకారం అది లోపమే, ధర తగ్గుతుంది. మచ్చ లేని ప్రతి ఇస్తాను, మార్చుకుంటావా అని ఒక మిత్రుడు అడిగాడు. మార్చుకోనన్నాను.

నమస్కారం.