బడి గుమ్మం మీది పేరు

సభాధ్యక్షులకు, పనులు మానుకొని వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా బతికినవాణ్ణి. చివరి ఆరేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. ఆ ఆరేళ్లూ జూన్ నెల వచ్చిందంటే నా బల్ల మీద టీసీల కట్టలు పేరుకొనేవి. ఒక్కొక్క కాగితం మీద సంతకం పెట్టి, పక్కన ఊదారంగు సిరాతో గుండ్రటి ముద్ర వేసేవాణ్ణి. బడి పేరు ఆ కాగితం మీద రెండుసార్లు పడేది, పైన అచ్చులో ఒకసారి, కింద ముద్రలో ఒకసారి. పిల్లవాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకొని వెళ్లిపోయేవాడు. పై చదువుకైనా, ఉద్యోగానికైనా, పుట్టిన తేదీ రుజువు చేసుకోవడానికైనా మళ్లీ ఆ కాగితమే బయటికి తీయాలి. వీధి పేరు మారితే చిరునామా మారుతుంది, అంతే. బడి పేరు మాత్రం అక్కడ చదివిన మనిషి పేరుతో కలిసి బతుకంతా నడుస్తుంది. అందుకే ఒక బడి పేరు మార్చాలన్న మాట పుట్టగానే, మార్చాలనేవారూ వద్దనేవారూ ఇద్దరూ సొంత ఇంటి విషయంలా బాధపడతారు. ఆ బాధను చిన్నచూపు చూడకుండా ఈ విషయం మాట్లాడాలని నా కోరిక.

ఇంగ్లండు నైరుతి దిక్కున బ్రిస్టల్ అనే రేవుపట్నం ఉంది. అక్కడ 1891లో ఆడపిల్లల కోసం ఒక బడి పెట్టి, దానికి కోల్‌స్టన్స్ గర్ల్స్ స్కూల్ అని పేరు పెట్టారు. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ 1636లో ఆ ఊళ్లోనే పుట్టి, 1721లో చనిపోయిన వ్యాపారి. బడులకు, వృద్ధుల ఆశ్రయాలకు, చర్చిలకు ధారాళంగా దానం చేశాడు. 1710లో వంద మంది మగపిల్లలకు వసతితో కూడిన బడి కట్టించాడు. ఆ బడి ధర్మనిధి నుంచి వచ్చిన సొమ్ముతోనే ఆడపిల్లల బడీ మొదలైంది. ఇంతవరకే తెలిస్తే ఎవరైనా ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తారు. బ్రిస్టల్ రెండు వందల ఏళ్లు చేసింది అదే.

కానీ 1680 నుంచి 1692 వరకు ఆయన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో సభ్యుడు, 1689లో దాని ఉప గవర్నరు. పశ్చిమాఫ్రికా తీరం నుంచి మనుషులను కొని, కంపెనీ గుర్తును ఇనుముతో ఎదురు రొమ్ము మీద కాల్చి వేసి, ఓడల అడుగున కుక్కి, కరీబియన్ దీవుల్లోనూ అమెరికాలోనూ అమ్మడం ఆ కంపెనీ పని. ఆయన అందులో ఉన్న కాలంలో సుమారు 84,000 మందిని అలా తరలించారనీ, వారిలో సుమారు 19,000 మంది సముద్రం మీదే చనిపోయారనీ చరిత్రకారుల అంచనా. ఆవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు. ఇక్కడ ఆ సామెత చిన్నదైపోతుంది.

ఆ బడిలో ఏటా ఒక సంస్మరణ దినం జరిగేది. పిల్లలంతా కెథడ్రల్‌కు వెళ్లేవారు. వెళ్లేటప్పుడు దుస్తులకు కంచురంగు చామంతి పువ్వు గుచ్చుకొనేవారు, అది కోల్‌స్టన్‌కు ఇష్టమైన పువ్వని చెప్పుకొనేవారు. ఈ సంగతి తెలుసుకున్న నాటి నుంచి ఆ చామంతి నా మనసులోంచి పోలేదు. కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చి బ్రిస్టల్‌లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వారి ముత్తాతలు ఎవరి ఓడల్లో ఆ దీవులకు చేరారో చెప్పనక్కరలేదు. అటువంటి ఇంటి పిల్ల ఆ ఉదయం అద్దం ముందు నిలబడి పువ్వు పెట్టుకొని బయలుదేరుతుంది. ఆ పిల్లను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆ పువ్వు ఎవరిదో తర్వాత తరగతిలో తెలిసిన రోజున ఆమె ఇంటికి వెళ్లి తల్లితో ఏమి చెబుతుంది? పేరు మార్పు గురించి ఎన్ని సిద్ధాంతాలు విన్నా, ఉపాధ్యాయుడిగా నేను మొదట ఆలోచించేది ఆ పిల్ల గురించే.

పేరు మార్చాలని అడిగినవారికి 2017లో ఆ బడి ఒక జవాబు ఇచ్చింది. బడికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కాదనడం వల్ల, చరిత్రను మరుగుపరచడం వల్ల ప్రయోజనం లేదనీ, పిల్లలు గతాన్ని తెలుసుకొని ప్రశ్నించడమే మేలనీ దాని సారాంశం. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. చరిత్రను దాచకూడదన్న మాటలో నిజముంది. అయితే ఆ జవాబులో ఒక పొరపాటు ఉంది, ఈ రోజు నేను చెప్పదలచిన విషయమంతా ఆ పొరపాటు చుట్టూనే ఉంది. బడి పేరును వారు కోల్‌స్టన్ కాలపు చరిత్ర అనుకున్నారు. ఆ పేరు కోల్‌స్టన్ కాలానిది కాదు.

లెక్క చూడండి. ఆయన చనిపోయింది 1721లో, బడి పెట్టింది 1891లో. నడుమ 170 సంవత్సరాలు. ఆయన విగ్రహం ఇంకా నాలుగేళ్ల తర్వాత, 1895లో లేచింది. ఆ నగరపు అత్యంత సద్గుణవంతులు, వివేకవంతులైన పుత్రులలో ఒకడని దాని ఫలకం మీద చెక్కించారు. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. అంటే ఆ వ్యాపారం నేరమని చట్టం చెప్పిన 84 ఏళ్ల తర్వాత, కొందరు పెద్దమనుషులు ఒక గదిలో కూర్చొని, ఆయన జీవితంలోంచి దానాన్ని మాత్రం ఏరుకొని, ఆడపిల్లల బడికి ఆ పేరు తగినదని నిర్ణయించారు. 1920లో విల్కిన్స్ అనే మతాచార్యుడు కోల్‌స్టన్ జీవితం మీద పుస్తకం రాసి, ఆయనకు బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టాడు. ఆ తర్వాత కూడా పేరు మరో వందేళ్లు నిలిచింది. కాబట్టి గుమ్మం మీది పేరు 1680ల సంగతులేవీ మనకు చెప్పదు. 1890లలో ఎవరు ఎవరిని గౌరవించారో మాత్రమే చెబుతుంది. ఒక తరం ఇచ్చిన గౌరవాన్ని కొనసాగించాలా వద్దా అని నిర్ణయించే హక్కు తర్వాతి తరాలకు లేదంటే, ఆ హక్కు 1891లో కూర్చున్నవారికి ఎక్కడి నుంచి వచ్చినట్లు?

పేరు ఉంచి, పక్కన వివరణ ఫలకం పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. నేనూ ఒకప్పుడు అదే అనేవాణ్ణి. బ్రిస్టల్‌లో విగ్రహం విషయంలో ఆ ప్రయత్నమూ జరిగింది. 2018లో ఫలకం మీద రాయవలసిన వాక్యాల చిత్తుప్రతులు తయారయ్యాయి. ఏ మాట ఉండాలి, ఏ మాట తీసేయాలి అన్న పేచీ మొదలైంది. కోల్‌స్టన్ కాలం నుంచి ఉన్న వర్తక సంఘంవారు తమ సవరణలు తెచ్చారు. మార్చిన పాఠం తనకు సమ్మతం కాదని 2019లో నగర మేయరు మార్విన్ రీస్ దాన్ని ఆపించారు. ఫలకం విగ్రహానికి ఎక్కనేలేదు. 2020 జూన్ 7న జనం తాళ్లు కట్టి విగ్రహాన్నే లాగి పడేసి, దొర్లించుకుంటూ పోయి రేవులో తోశారు. గుంపు చేతికి వదలడం నాకు ఇష్టమైన మార్గం కాదు. కానీ నాలుగు నిజమైన వాక్యాల మీద ఊరి పెద్దలు ఒక్క మాట మీదికి రాలేకపోతే, ఆ పని వేరెవరి చేతిలోకి వెళుతుందో అక్కడ చూశాం.

బడి మాత్రం పద్ధతిగా నడిచింది. అందరి అభిప్రాయాలూ అడిగింది, పిల్లలూ సిబ్బందీ ఓటు వేశారు, 2020 నవంబరులో మాంట్‌పెలియర్ హైస్కూల్ అని కొత్త పేరు ప్రకటించారు. మాంట్‌పెలియర్ అంటే ఆ బడి ఉన్న పేటే. అదే ఊళ్లోని కోల్‌స్టన్ ప్రైమరీ స్కూలు అంతకు రెండేళ్ల ముందే కోథమ్ గార్డెన్స్ అయింది. 1710 నాటి మగపిల్లల బడి కూడా 2022లో ఆ పేరు వదులుకుంది. ఒక మనిషి పేరు తీసి మరో మనిషి పేరు పెట్టే తొందర పడకుండా, పేట పేరు పెట్టుకోవడం నాకు చాలా నచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా సంస్థల పేర్లు మారడం చూసిన మనకు దాని విలువ తెలుసు.

ఇక అట్లాంటిక్ దాటి అమెరికాకు వెళదాం. ఈ కథకూ మన తీరానికీ సంబంధం ఉంది. కనెక్టికట్‌లో 1701లో కాలేజియేట్ స్కూల్ అనే బడి మొదలైంది. 1718లో కాటన్ మాథర్ అనే మతాచార్యుడు లండన్‌లోని ఒక ధనవంతుడికి ఉత్తరం రాశాడు. న్యూ హేవెన్‌లో కడుతున్న బడికి సాయం చేస్తే దానికి మీ పేరు పెట్టవచ్చు, అలా నిలిచే పేరు ఈజిప్టు పిరమిడ్ కంటే మేలైన స్మారకం అవుతుంది అన్నది అందులోని ఆశ. ధనవంతుడు తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్తరువు ఒకటి పంపాడు. కాలికో, మస్లిన్ వంటి గుడ్డలున్న ఆ బేళ్లు అమ్మితే 562 పౌండ్ల పైచిలుకు వచ్చింది. బడి పేరు యేల్ కాలేజీ అయింది.

ఆ ధనవంతుడు ఎలిహు యేల్. ఆయన సంపద అంతా మద్రాసులో పోగైనది. దామర్ల నాయకులు 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన నేల మీద లేచిన సెయింట్ జార్జి కోటలో ఆయన 1672లో గుమాస్తాగా అడుగుపెట్టి, 1687లో గవర్నరయ్యాడు. సొంత వ్యాపారానికి పదవిని వాడుకున్నాడన్న ఆరోపణల మీద 1692లో తొలగించారు. ఆయన గవర్నరైన ఏడాదే గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది, కోరమాండల్ తీరాన్ని కరువు పీడించింది. తిండి లేక మనుషులు తమను తాము అమ్ముకున్నారు, పిల్లలను అమ్ముకున్నారు. ఆ ఏడాది ఒక్క నెలలోనే కనీసం 665 మందిని బానిసలుగా మద్రాసు రేవు నుంచి ఓడలెక్కించినట్లు కోట రికార్డుల నుంచి తెలుస్తోంది. ఐరోపాకు పోయే ప్రతి ఓడలో కనీసం పది మంది బానిసలుండాలని ఆయన కూర్చున్న కౌన్సిల్ తీర్మానించింది. 1688లో ఆ ఎగుమతిని ఆపినమాట నిజమే, కానీ దాని వెనుక మొగలు అధికారుల ఒత్తిడి ఉంది.

మరి యేల్ పేరు మార్చాలా? దానికి ముందు అదే విశ్వవిద్యాలయంలో జరిగిన మరో సంగతి చెప్పాలి. అక్కడ విద్యార్థులు నివసించే కాలేజీల్లో ఒకదానికి 1930ల తొలినాళ్లలో జాన్ కాల్హూన్ పేరు పెట్టారు. ఆయన అక్కడి పూర్వ విద్యార్థి, దేశ ఉపాధ్యక్షుడు, బానిసత్వం మేలైన వ్యవస్థ అని 1837లో సెనేట్‌లో వాదించినవాడు. ఆ కాలేజీ భోజనశాలలో రంగుటద్దాల కిటికీ ఒకటి ఉండేది. అందులో ఇద్దరు నల్లజాతి బానిసలు పత్తి బుట్టలు నెత్తిన పెట్టుకొని నిలబడి ఉంటారు. 2016 జూన్‌లో ఆ భోజనశాలలో పనిచేసే నల్లజాతి కార్మికుడు ఒకరు చీపురు కర్రతో దాన్ని పగలగొట్టారు. రోజూ ఎంగిలి పళ్లేలు తీస్తూ ఆ బొమ్మ కింద నడిచిన మనిషి ఆయన. ఉద్యోగం పోయింది, తర్వాత తిరిగి ఇచ్చారు. అంతకు రెండు నెలల ముందే పేరు మార్చబోమని చెప్పిన విశ్వవిద్యాలయం, ఒక సంఘాన్ని వేసి సూత్రాలు రాయించుకొని, 2017 ఫిబ్రవరిలో పేరు మార్చి గణిత శాస్త్రవేత్త, కంప్యూటర్ రంగ మార్గదర్శకురాలు గ్రేస్ హాపర్ పేరు పెట్టింది. కాల్హూన్ గుర్తులను ఆవరణలో మిగతా చోట్ల చెరిపేయబోమని కూడా అదే ప్రకటనలో చెప్పింది.

ఆ సంఘం అడిగిన ప్రశ్నలు బాగున్నాయి. ఆ వ్యక్తి జీవితంలో ప్రధానమైన పని ఏది? ఆ పనిని ఆయన కాలంలోనే ఎవరైనా తప్పుబట్టారా? పేరు పెట్టినవారు ఏ కారణంతో పెట్టారు? ఆ పేరు అక్కడి సమాజాన్ని కలిపి ఉంచడంలో ఎంత పాత్ర వహిస్తోంది? ఇలా తవ్వుకుంటూ పోతే ఏ పేరూ మిగలదని భయపడేవారికి నా జవాబు కూడా ఇదే. ఈ ప్రశ్నలను ఒక్కొక్క పేరునూ ఎదురుగా పెట్టుకొని అడగాలి. అడిగితే చాలా పేర్లు నిలుస్తాయి, కొన్ని నిలవవు.

యేల్ విషయంలో నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కరలేదు. అది చనిపోయిన వందేళ్లకు ఎవరో కట్టబెట్టిన బిరుదు కాదు, బతికి ఉన్నవాడు సరుకు పంపి పొందిన పేరు. మూడు వందల ఏళ్లలో ఆ మాట మనిషిని మించిపోయి సంస్థకే గుర్తయింది. దాన్ని తీసేయాలని నేను పట్టుబట్టను. 2024లో ఆ విశ్వవిద్యాలయం బానిసత్వంతో తనకున్న సంబంధానికి క్షమాపణ చెప్పి, పరిశోధన పుస్తకాన్ని వెలువరించింది. నేను పట్టుబట్టేది మద్రాసు గురించి. అక్కడి బేళ్ల కథ చెప్పినప్పుడల్లా 1687 నాటి కరువు కథ కూడా చెప్పాలి. అక్కడ మన తెలుగు పిల్లలు చదువుతున్నారు, పాఠాలు చెబుతున్నారు. అడగవలసినవారిలో వారూ ఉన్నారు.

ఆ విశ్వవిద్యాలయపు బ్రిటిష్ కళల మ్యూజియంలో ఎలిహు యేల్ తన కుటుంబంలోని పెద్దలతో కలిసి బల్ల దగ్గర కూర్చున్న చిత్రం ఒకటి ఉంది. బల్ల మీద మద్యం, పొగాకు. కుడి పక్కన నల్లజాతి బాలుడు ఒకడు నిలబడి చూస్తుంటాడు. మెడకు లోహపు పట్టీ, పట్టీకి తాళం.  2020లో దాన్ని గోడ మీద నుంచి దించి పరిశోధన చేశారు, శీర్షిక మార్చి మళ్లీ పైకెత్తారు. పెద్దవాళ్లను ఎవరెవరో గుర్తుపట్టడానికి ప్రయత్నాలు జరిగాయి. పిల్లవాడికి పదేళ్ల వయసు ఉండవచ్చునన్నారు. అంటే మన లెక్కలో ఐదో తరగతి.