ధీరుడు కాని నాయకుడు

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా లైబ్రరీకి వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషంగా ఉంది.

ఈ మధ్య యాంటీహీరో అన్న మాట ఎక్కడ పడితే అక్కడ వినబడుతోంది. హీరో గడ్డం పెంచి సిగరెట్ కాల్చి నలుగుర్ని నరికితే చాలు, యాంటీహీరో సినిమా అంటున్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదండీ. అతను గెలుస్తున్నాడు, ఊరంతా అతనంటే హడలిపోతోంది, అమ్మాయి అతన్నే ప్రేమిస్తోంది, హాల్లో ఈలలు పడుతున్నాయి, ఇంక అతను హీరో కాకపోవడం ఏంటి? చెడ్డ పనులు చేసే హీరో, అంతే. ఇంకొంతమంది దీన్ని తెలుగులో ప్రతినాయకుడు అని రాసేస్తున్నారు, అదీ కుదరదు. ప్రతినాయకుడంటే నాయకుడికి ఎదురు నిలబడేవాడు, రావణుడు, దుర్యోధనుడు, వాళ్ళకి ధైర్యానికేం తక్కువ?

మన పాత అలంకారశాస్త్రాల్లో నాయకులు నాలుగు రకాలు అని చదువుకున్నాం. ధీరోదాత్తుడంటే రాముడు, ధీరోద్ధతుడంటే భీముడు, ధీరలలితుడంటే ఉదయనుడు, ధీరశాంతుడంటే చారుదత్తుడు. నాలుగు పేర్లలోనూ ముందున్న మాట చూడండి, ధీర. కోపిష్టివాడైనా సరే, పాటలు పాడుకుంటూ కూర్చునేవాడైనా సరే, ధీరుడై ఉండాలి, లేకపోతే కథలో ఆ కుర్చీ ఇవ్వరు. ఆ మొదటి మాట తీసేస్తే మిగిలే మనిషి ఒకడున్నాడే, నా దృష్టిలో అతనే యాంటీహీరో. కూర్చున్నది నాయకుడి కుర్చీలోనే, నాయకుడు చేయాల్సిన పని మాత్రం చేయలేడు. 1864లో రష్యాలో దోస్తొయెవ్‌స్కీ రాసిన నవలలో పీటర్స్‌బర్గ్ నేలమాళిగ మనిషి తన గురించి చెప్పుకునేదీ ఇదే, నవలకి హీరో కావాలి, ఇక్కడేమో పనిగట్టుకుని యాంటీహీరో లక్షణాలన్నీ పోగుచేశారు అంటాడు.

మనకి అలాంటివాడు 1892లోనే స్టేజీ ఎక్కాడు, విజయనగరంలో. గిరీశం గురించి తెలియనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. కానీ ఒక్కసారి గురజాడ నాటకం కన్యాశుల్కం మొదటి పేజీ మళ్ళీ తెరిచి చూడండి. బొంకులదిబ్బ మీద సాయంత్రం ఒక్కడే నిలబడి వాడు మనతో చెప్పే మొదటి సంగతి ఏంటి? సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్ళి డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చుపెట్టేశానని. దొంగతనాన్ని వాడే ఒప్పేసుకుంటున్నాడు, అదీ ఎవరూ అడక్కముందే, మన చెవిలో. గురజాడ చేసిన గొప్ప పని అక్కడే ఉందనిపిస్తుంది నాకు, ఎందుకంటే రహస్యం చెప్పిన మనిషిని మనం వెంటనే తిట్టలేం, దగ్గరివాడైపోతాడు. ఆ తర్వాత పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని ఆ డాన్సింగ్ గర్ల్ మధురవాణి ఇంటికొస్తే వాడు మంచం కింద దూరతాడు, అక్కడ అప్పటికే రామప్పపంతులు దాక్కుని ఉంటాడు, చివరికి దెబ్బ పంతులుకి తగులుతుంది, మనం పడీపడీ నవ్వుతాం. నవ్వుతూనే మర్చిపోతాం, ఆ 20 రూపాయలు ఒక ఆడమనిషి పూటకూలి ఇల్లు నడుపుకుని సంపాదించుకున్నవి.

బుచ్చమ్మ సంగతి ఇంకా కష్టం. చిన్న వయసులోనే విధవైన పిల్లని వాడు మాటలతో లొంగదీసుకుని, ఆ పిల్ల చెల్లెలు సుబ్బి పెళ్ళి హడావుడిలో లేవదీసుకుపోతాడు. విడో మేరేజీ గురించి వాడు చెప్పే మాటలన్నీ రైటే, చెప్పే నోరు మాత్రం అబద్ధం. అయినా, తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఇంట్లోంచి ఆ పిల్ల బయటపడింది ఈ అబద్ధాలకోరు వల్లే కదా, వీడు రాకపోతే ఆ వంటింట్లోనే ముసలిదైపోయేది. దీనికి నా దగ్గర జవాబు లేదండీ, చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. సంస్కరణ కోసం రాసిన నాటకంలో సంస్కరణ మాటల్ని ఇలాంటి మోసగాడి నోట్లో పెట్టడానికి ఎంత గుండె ఉండాలి! చివర్లో బుచ్చమ్మ పూనా విడోస్ హోమ్‌కి, వాడేమో కథ అడ్డంగా తిరిగిందనుకుంటూ బయటికి. చచ్చిపోడు, మారడు, అంతే.

గిరీశాన్ని మనం ప్రేమిస్తాం, వాడికి నోరుంది కాబట్టి. నోరు లేనివాళ్ళని ఏం చేశాం అన్నది నా అసలు బాధ.

1947లో గోపీచంద్ నవల అసమర్థుని జీవయాత్ర వచ్చింది. సీతారామారావు బాగా ఉన్న కుటుంబంలో పుట్టినవాడు, వంశప్రతిష్ఠ నిలబెట్టాలన్న తండ్రి మాట పట్టుకుని ఆస్తంతా పోగొట్టుకుంటాడు, తర్వాత ఆ ఓటమికి ఒక సిద్ధాంతం, ఆ సిద్ధాంతం పనిచెయ్యకపోతే ఇంకో సిద్ధాంతం, ఆ చిరాకంతా భార్య మీద. ఆఖరికి శ్మశానంలో పోతాడు. డిగ్రీలో ఉన్నప్పుడు సగం చదివి పుస్తకం మూసేశాను, భరించలేకపోయాను. కోపం ఆ మనిషి మీద అనుకున్నాను కానీ, పదేళ్ళ తర్వాత మళ్ళీ చదివినప్పుడు అర్థమైంది, పని చెయ్యలేకపోయిన ప్రతిసారీ నేనూ లోపల ఒక కారణం తయారు చేసుకుని పెట్టుకుంటున్నానని.

పక్కన ఒక మాట చెప్పాలి. మగవాడు తప్పుదారి పట్టి తన కథ తనే చెప్పుకుంటే సంక్లిష్టమైన పాత్ర అంటాం. 1927లో చలం నవల మైదానంలో రాజేశ్వరి అదే పని చేసింది, ప్లీడరు భార్య, అమీర్‌తో వెళ్ళిపోయింది, తన కథ తన నోటితోనే చెప్పింది, ఎవర్నీ క్షమాపణ అడగలేదు. ఆమెని ఎంతమంది యాంటీహీరో అన్నారు? చెడిపోయింది అన్నారు, పుస్తకం ఇంట్లో దాచుకుని చదివారు. ఈ కొలత మనం మార్చుకోవాలి, గట్టిగానే చెప్తున్నాను.

ఇంక నాకు అందరికంటే దగ్గరివాడు, రావిశాస్త్రి నవల అల్పజీవిలో సుబ్బయ్య. చిన్న గుమాస్తా. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, బావమరిది అంటే భయం. అలాంటివాడు వెళ్ళి కాంట్రాక్టర్ గవరయ్య దగ్గర అప్పు తెస్తాడు, ఇంక అక్కణ్ణుంచి ఒక్క పేజీ కూడా వాడు ఊపిరి పీల్చుకోడు. రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు, కోర్టు వరండాల్లో చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళని రోజూ చూసిన మనిషి, అందుకే సుబ్బయ్య లోపలి గొణుగుడు అంత నిజంగా ఉంటుంది, వాక్యం వెనక వాక్యం తోసుకుంటూ వస్తుంది, భయపడేవాడి బుర్ర అలాగే నడుస్తుంది మరి.

మా నాన్నగారు కూడా ఒక ఆఫీసులో గుమాస్తానే. లీవు అడగాల్సిన రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ చిన్నగా మాటలు సరిచూసుకునేవారు, "సార్, ఒక్క పూట సార్, మధ్యాహ్నానికి వచ్చేస్తాను సార్" అని. ఒకసారి అంటారు, మళ్ళీ ఇంకొంచెం మెత్తగా అంటారు. బుగ్గన సబ్బు నురగ ఆరిపోతున్నా బ్లేడు చేతిలోనే ఉండేది. నేను మంచం మీద నిద్ర నటిస్తూ వినేవాణ్ణి, మిగతా పిల్లల నాన్నలు ఇలా ఉండరు అనుకునేవాణ్ణి. ఆ సిగ్గు నాకు చాలా ఏళ్ళు ఉంది, సుబ్బయ్యని చదివేదాకా ఉంది.

ఆయన రిటైరయ్యాక ఆ పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఎప్పుడూ నవలలు చదివే మనిషి కాదు. నాలుగు రోజులు పట్టింది, పేజీలో బస్ టికెట్ గుర్తుగా పెట్టుకుంటూ చదివారు. ఎలా ఉంది నాన్నా అని అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పక్కింటి మనిషి గురించి అన్నట్టు అన్నారు, "ఆ గవరయ్య దగ్గరికి వెళ్ళకుండా ఉండాల్సిందిరా వాడు. పక్కన ఎవరైనా ఒకళ్ళుంటే వెళ్ళేవాడు కాదు."