బాంబుల మోత వినిపించే ఇల్లు: ‘మిసెస్ మినివర్’ మొదటిసారి చూడబోయేవారికి

నమస్కారం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. ఆ తర్వాత రెండు నెలలకు, ఆ జూన్‌లోనే, అమెరికాలో విడుదలైన ‘మిసెస్ మినివర్’ సినిమాను నేను ఈ మధ్యనే అమలాపురంలో మా అమ్మమ్మ పక్కన కూర్చుని మొదటిసారి చూశాను.

విలియం వైలర్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఆరు ఆస్కార్ అవార్డులు వచ్చాయి. కథ ఇంగ్లండులోని ఒక పల్లెటూరి కుటుంబానిది.

ఆరంభంలో యుద్ధం ఊసే ఉండదు. భార్య ఖరీదైన టోపీ కొని, ఆ సంగతి భర్తకు ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే, ఆయన కొత్త కారు విషయంలో అదే అవస్థ పడుతుంటాడు. ఊరి స్టేషన్ మాస్టరు తాను పెంచిన గులాబీకి ఆవిడ పేరు పెడతాడు. కొత్త గులాబీ రకం తీయడానికి ఎంత ఓపిక కావాలో కడియం నర్సరీలు చూసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. దయచేసి ఈ భాగాన్ని దాటవేయకండి. తర్వాత పోగొట్టుకోబోయేది ఈ జీవితాన్నే.

[తెర మీద: చీకట్లో నది నిండా పడవలు]

1940లో జర్మన్ సైన్యం ఫ్రాన్సు తీరాన డంకర్క్ వద్ద మిత్రసేనలను చుట్టుముట్టినప్పుడు, యుద్ధనౌకలకు తోడుగా మామూలు జనం పడవలు కూడా కదిలాయి. మే 26 నుంచి జూన్ 4 వరకు 3,38,000 మందికి పైగా సైనికులు అక్కడి నుంచి బయటపడ్డారు. మినివర్ గారు తన మోటారు పడవ వేసుకుని రాత్రివేళ బయలుదేరతాడు. ఆ దృశ్యం చూసి అమ్మమ్మ, “86 వరదల్లో మన లంకలకు నావలు ఇలాగే వెళ్ళాయిరా” అంది. డంకర్క్‌ను మాత్రం దర్శకుడు చూపించడు. నిద్ర లేక, గడ్డం మాసి తిరిగివచ్చిన మనిషి ముఖమే మనకు కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ సినిమా గొప్పతనమంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

బాంబుల నుంచి తలదాచుకునే పెరటిలోని రేకుల ఆశ్రయంలో జరిగే సన్నివేశాన్ని అదే నిర్ణయం నడిపిస్తుంది. పిల్లలు నిద్రపోతుంటారు, తల్లి అల్లిక అల్లుతుంటుంది, భార్యాభర్తలు పిల్లల కథల పుస్తకం గురించి మెల్లగా మాట్లాడుకుంటారు. మోత దగ్గరపడేకొద్దీ మాటలు తగ్గుతాయి, రేకులు అదురుతాయి, పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కెమెరా ఆ ఇరుకు గదిని వదిలి ఆకాశం వైపు వెళ్ళదు. అందుకే ఆ సన్నివేశం రాగానే, ఎంత ఉక్కగా ఉన్నా సరే, ఫ్యాను ఆపి చూడండి. ఆ మోత మొదట ఎంత దూరం నుంచి వస్తుందో మీకే వినిపిస్తుంది.